పత్తి లేని దీవిలో సోమవారం

డాక్టరు చెప్పింది ఒక్కటే. మీ ఆయన్ని కొన్నాళ్లు పత్తికి దూరంగా ఉంచండి, ఊపిరి తిరిగొస్తే మిల్లు మాన్పించండి అన్నాడు. తిరిగి రాకపోతే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఊరంతా నూలు మిల్లులే ఉన్న రాజపాళయంలో పుట్టి పత్తికి దూరంగా ఎక్కడికి పోతాం? సత్రపట్టిలో మా అక్క ఇంటికి పోదామంటే అక్కడ వీధి పొడుగునా బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలే. అందుకే మా ఆయనను రామేశ్వరం దీవికి తీసుకుపోయాను. ఊళ్లో అందరూ గుడికి పోయామనుకున్నారు.

సముద్రం ఒడ్డునే ఒక చవక హోటలు. కుళాయిలో ఉప్పునీళ్లు వచ్చేవి. ఇంకో తువ్వాలు అడిగితే మేనేజరు మొహం మాడ్చుకునేవాడు. కిటికీ తెరిస్తే మాత్రం ఎదురుగా సముద్రమే. ఇరవై ఏళ్లు స్పిన్నింగులో దూది పీల్చిన మనిషికి నా చేతనైన మందు ఆ గాలి. దూదిని మేం పంజు అంటాం. మూడు రోజులు ఆయన చేపలవాళ్లతో కబుర్లాడుతూ ఒడ్డంతా తిరిగాడు. నాకు సంతోషంతో ఆకలి కూడా వెయ్యలేదు.

సోమవారం పొద్దున హోటలు మెట్ల మీద కూలబడ్డాడు. ఛాతీ పట్టేసింది.

“ఈపొద్దు సోమవారం గదా. బుధవారానికి సరి అయిపోతుంది,” అన్నాడు.

“అవును, సోమవారమే,” అన్నాను నేనూ.

మిల్లువాళ్లకు అది మామూలే. ఆదివారం ఇంట్లో ఉండి సోమవారం లోపల అడుగుపెడితే దూది ఛాతీని బిగిస్తుంది, వారం గడిచేకొద్దీ వదులుతుంది. దాన్ని మేమెవరమూ జబ్బనుకోం. అలవాటు కొద్దీ వేడినీళ్ల కోసం వంటగదికి పోయాను. చెంబు పట్టుకుని నిలబడినప్పుడు తట్టింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఈ దీవిలో దూది ఎక్కడుంది?

దూది లేని చోట కూడా ఛాతీ పట్టిందంటే ఇది సోమవారం పట్టు కాదు. వేడినీళ్లు మాత్రం తీసుకుపోయి ఆయన చేతికిచ్చాను.

బుధవారం వచ్చింది, ఆయాసం వదల్లేదు. గురువారం మంచం దిగలేదు.

“ఇంత దూరం వచ్చినాము. ఇంకో వారం ఉండి చూద్దాము,” అని బతిమాలాను. ఇది కాకపోతే ఇంకో దీవికి పోదామని కూడా అన్నాను, పిచ్చిదానిలా.

ఆయన మాటకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

“వద్దు మే. ఊరికి పోదాం. అక్కడైతే పంజు ఉంది, దాన్ని తిట్టుకుంటా ఉండొచ్చు. ఇక్కడ ఎవర్ని తిట్టేది?”

ఏడుస్తూనే సంచీ సర్దాను.