చుట్టు విప్పేదాకా ఊదిన మోరి

నా చిన్నప్పుడు హుకుంపేట వైపు మా గూడేల్లో మోరి ఊదేవాళ్ళు ఒక్కొక్కరే పోయి, చివరికి మా తాత ఒక్కడే మిగిలాడు. మోరి అంటే చెక్క గొట్టం, మూతికి తాటాకు పీక, కొసన ఇత్తడి గిన్నె. మా ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడుతుంటే ఆ వరసని నడిపించేది అదే. తాత బుగ్గల్లో గాలి దాచుకుని, ముక్కుతో పీల్చుకుంటూ, పాట తెగకుండా ఊదేవాడు. అప్పటికే ఆయనకి దగ్గు పట్టుకుంది. పోయేలోగా ఎవరికైనా నేర్పాలని ఒకటే యావ.

నేర్చుకోవలసినవాడు మా చిన్నాన్న. ఆయనేమో అరకు సంతకి జీపు తోలేవాడు. జీపులో టేపురికార్డరు, మెడలో ఎర్ర రుమాలు, అబ్బో, ఆ దర్జా చూడాలి. తాత అడిగినప్పుడల్లా నవ్వేసేవాడు. "నీ పీపీ ఎవుడింటాడయ్యా? పట్నపోళ్ళు సప్పట్లు కొడితే సెప్పు, అప్పుడు నేర్సుకుంతాను" అన్నాడొకసారి. వెటకారానికన్న మాట అది. తాత దాన్ని ఒట్టులా మనసులో పెట్టుకున్నాడు.

ఆ వేసవిలోనే అరకులో పెద్ద సంగీతోత్సవం పెట్టారు. జాజ్ వాళ్ళు, బ్లూస్ వాళ్ళు, ఆఫ్రికా డోళ్ళవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దిగారు. వాళ్ళకి స్వాగతం చెప్పడానికి థింసా కావాలని మాకు కబురొచ్చింది. తాత సంబరం ఇంతా అంతా కాదు. మోరికి కొత్త పీక కట్టి, ఉతికిన పంచె కట్టుకుని, అందరికంటే ముందు చిన్నాన్న జీపెక్కి కూర్చున్నాడు.

మేం వెళ్ళేసరికి స్టేజీ మీద ఒక ముసలి విదేశీయుడు సాక్సఫోన్ సరిచూసుకుంటున్నాడు. మెలిక తిరిగిన ఇత్తడి బూర అది. దాంట్లో ఆయన నెమ్మదిగా ఏదో బ్లూస్ పాట వాయిస్తుంటే తాత కదలకుండా విన్నాడు. "ఏటే గుంటా, ఈడి తోటోళ్ళు కూడా పోనారేటి, ఇలగ ఏడుత్తన్నాడు?" అని నన్నడిగాడు. నాకేం తెలుసు? నా ధ్యాసంతా చేతిలో కరిగిపోతున్న ఐస్‌ఫ్రూట్ మీదుంది.

సాయంత్రం మా వంతొచ్చింది. థింసాలో వరస పాములా లోపలికి చుట్టుకుని, మళ్ళీ విప్పుకుంటుంది. చుట్టు విప్పకుండా మోరి ఆపకూడదు. ఆపితే ఆ ఏడంతా ఊరు ముడిపడిపోతుందని, వానలు రావని, పురుళ్ళు కష్టమవుతాయని మావాళ్ళకి భయం. ఆ సంగతి అక్కడెవరికి తెలుసు? మా నాన్నమ్మ ముందుండి వరసని సరిగ్గా లోపలికి చుట్టిన వేళ, టైమైపోయింది చాలని ఒకాయన చెయ్యి ఊపాడు. తాత ఆపలేదు. మైకు కట్టేసి, తర్వాతి పాట ఎవరిదో స్పీకర్లలో చెప్పడం మొదలెట్టారు.

జనం నవ్వారు. చిన్నాన్నకి తల కొట్టేసినట్టయింది. పరిగెత్తుకొచ్చి తాత భుజం పట్టుకుని "సాలయ్యా, పరువు పోతంది, బేగి దిగు" అన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు. మెడ నరాలు పొంగి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఊదుతూనే ఉన్నాడు. ఆ రొదలో పాట ఆడేవాళ్ళకే వినపడలేదు. నాన్నమ్మ ఆయన బుగ్గలు చూసుకుంటూ అడుగులేసింది. వరస మొత్తం విప్పుకున్నాకే మోరి కిందికి దించాడు, అప్పుడు దగ్గు తెర ముంచుకొచ్చింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. సాక్సఫోన్ ముసలాయన మాత్రం తాత చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. అదేమిటో మాకు చెప్పేవాళ్ళు లేరు. తాత చూపంతా చిన్నాన్న మీదే ఉంది. చిన్నాన్న జీపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు నేను ఊరుకోలేక అడిగాను, ఎవరూ వినలేదు కదా, ఎందుకూదావని.

"సుట్టింది నానే గదే గుంటా. ఇప్పకండా ఎలగ ఎల్లిపోతాను?" అన్నాడు.

వానాకాలం దాటకుండానే తాత పోయాడు. మా వైపు మనిషిని మోరితో సాగనంపాలి. మోరి ఊదేవాడే పోతే ఊదేదెవరు? చుట్టుపక్కల ఊళ్ళన్నీ వాకబు చేశారు, ఎవరూ లేరు. పాడె లేచే వేళకి చిన్నాన్న లోపలికెళ్ళి, చూరులో ఉన్న మోరి తెచ్చి నోట పెట్టుకున్నాడు. ఉస్సుమని ఉత్త గాలి వచ్చింది. ఒక్క స్వరం పలకలేదు. అయినా ఆ మనిషి ఆపలేదు. ఏడుస్తూ, రొప్పుతూ, గొయ్యి పూడ్చేదాకా ఆ ఉత్త గాలే ఊదాడు.

ఆ తర్వాత చిన్నాన్న చాలాకాలం తంటాలు పడ్డాడు. నేర్పేవాడు పోయాక ఏమొస్తుంది, నా బొంద! ఇప్పుడు పర్యాటకుల ముందు రికార్డు పాట పెట్టి థింసా ఆడిస్తున్నారు. టైమవగానే మీట నొక్కేస్తారు, వరస చుట్టు లోపల ఉన్నా సరే. నేను చూడలేక మొహం తిప్పుకుంటాను. నాకు మోరి రాదు, ఇక ఎవరికీ రాదు. కానీ ఎవరూ చూడడం లేదు కదా అని ఏ పనైనా మధ్యలో వదిలి లేవబోతే, పాడె ముందు చిన్నాన్న ఊదిన ఆ ఉత్త గాలి చప్పుడు చెవిలో పడుతుంది. నన్ను నేను తిట్టుకుంటూ మళ్ళీ కూర్చుంటాను.