మా బావ మొదటిసారి ఎక్కడికీ వెళ్ళడు

మా బావ పుట్టడానికి వారం రోజుల ముందే ఒకసారి ఆసుపత్రికి వచ్చి, కాన్పుల గది ఎటువైపుందో, ఫ్యాను తిరుగుతోందో లేదో, నర్సు కసురుకునే రకమో కాదో చూసుకుని వెళ్ళాడు.

సరే, మీరు నమ్మేలా లేరు కాబట్టి కాస్త తగ్గిస్తాను. వారం కాదు, మూడు రోజులు. కాన్వెంటులో సిస్టర్ల బెత్తం కింద చదువుకున్నవాణ్ణి, అబద్ధమంటే నాకూ భయమే; కానీ ఇంతకంటే తగ్గిస్తే నిజమైపోతుందేమోనని ఇంకా భయం. అసలు సంగతి మాత్రం అక్షరాలా జరిగిందే. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఏ చోటికీ మొదటిసారి వెళ్ళడు. ఎప్పుడు వెళ్ళినా రెండోసారే. మొదటిసారి ఎవరికీ చెప్పకుండా ముందే పోయి చూసొచ్చేసి ఉంటాడు.

ముప్ఫై రెండేళ్ళు ఫైర్ స్టేషన్‌లో పనిచేశాడు. తగలబడ్డాక దారి వెతుక్కోకూడదు, తగలబడకముందే చూసి పెట్టుకోవాలి అన్నది ఆ ఉద్యోగం నేర్పిన పాఠం. ఉద్యోగం వదిలేసి పదేళ్ళయింది. పాఠం మాత్రం మమ్మల్ని వదల్లేదు.

ఒకసారి పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. ముందురోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి, కుర్చీలో వెనక్కి వాలి, నోరు మాత్రం గట్టిగా మూసుకున్నాడట. "నోరు తెరవండి" అన్నాడు డాక్టరు. "పన్ను రేపు. ఇవాళ కుర్చీ చూడ్డానికి వచ్చాను" అన్నాడు బావ. భయపడుతున్నాడనుకుని ఆ మంచి మనిషి అరగంట ధైర్యం చెప్పి పంపాడు. మర్నాడు వెళ్తే అక్కడి నర్సు, "నిన్న పారిపోయినాయన వచ్చారండీ" అని హాలంతా వినబడేలా కేకేసింది.

ఇక సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. మమ్మల్ని తీసుకెళ్ళే ముందురోజే తనొక్కడూ చూసొస్తాడు. మర్నాడు చీకట్లో మా మోచేతులు పొడుస్తుంటాడు. "లేవండి, విరామానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి, బాత్రూముల దగ్గర ఎవరూ ఉండరు."

"బావా, అక్కడ కత్తి పట్టుకుని ఎవడో వస్తున్నాడయ్యా!"

"వాడు మంచివాడే. చంపింది వంటవాడు. నువ్వు నిశ్చింతగా వెళ్ళి రా."

అలాంటి మనిషి చేతికి మా మేనకోడలు ఒక పెద్ద వినోదాల పార్కును అప్పగించింది. తన కూతురికి ఎనిమిదో పుట్టినరోజు. ఏం కావాలే అని అడిగితే ఆ పిల్ల ఒకే ఒక్క కోరిక కోరింది. "పార్కులో గుర్రాల రంగులరాట్నం ఉందట. అమ్మమ్మా నేనూ కలిసి ఎక్కాలి."

చిక్కంతా అక్కడే వచ్చింది. మా అక్క మోకాళ్ళు మంచివి కావు. ఆర్నెల్ల కిందట అందరం జంతువుల్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు, జిరాఫీ దగ్గరికి చేరకుండానే ఆవిడ మోకాలు పట్టేసింది. అల్లుడు బండి కోసం పరుగెత్తాడు. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేశాం. పిల్ల కారులో కిటికీ వైపు తిరిగి చప్పుడు లేకుండా ఏడ్చింది. అక్క చూసింది. అంతే, ఆ రోజు నుంచి ఎవరు ఎక్కడికి పిలిచినా ఒకటే మాట. "మీరు వెళ్ళి రండి. నేనొస్తే నలుగురి కాళ్ళకీ అడ్డం." అల్లుడు పాపం, పార్కులో చక్రాల కుర్చీ ఇస్తారత్తయ్యా అన్నాడు. "నేనేమన్నా బియ్యం బస్తానా తోసుకుపోవడానికి?" అని ఆవిడ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

పిల్ల మాత్రం పట్టు వదల్లేదు. అమ్మమ్మ రాకపోతే తనూ రానంది.

ఈ గొడవల మధ్య మా బావ ఏం చేశాడయ్యా అంటే, పాత క్యాలెండరు వెనక్కి తిప్పి, దాని మీద పార్కు పటం గీసి, భోజనాల బల్ల మీద పరిచి సభ తీర్చాడు. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉండవలసిన రోజును ఎలా నాశనం చెయ్యాలో తెలిసిన మహానుభావుడు.

"కొత్త చెప్పులు వేసుకునేవాళ్ళు ఇప్పుడే చెప్పండి, ఇంట్లోనే వదిలేసి పోతాం. పాత బూట్లు, వాటికి రెండో జత మేజోళ్ళు. గేటు తొమ్మిదిన్నరకి తీస్తారు, మనం తొమ్మిదికల్లా అక్కడుండాలి."

"మామయ్యా, మనం వెళ్ళేది పార్కుకి, యుద్ధానికి కాదు" అన్నాడు అల్లుడు.

"యుద్ధానికైతే ఇంత క్యూ ఉండదు అల్లుడూ. లోపలికెళ్ళగానే జనమంతా కుడివైపు పోతారు. మనం ఎడమవైపు."

"ఎందుకు?"

"జనమంతా కుడివైపు పోతారు కాబట్టి. భోజనం పదకొండున్నరకి."

"అప్పటికి ఆకలెయ్యదు నాన్నా" అంది మేనకోడలు.

"నీకు వేసేదాకా ఆగితే పార్కందరికీ వేస్తుంది. గిరగిరా తిప్పేవన్నీ తినకముందే అయిపోవాలి. తిన్నాక, ఎండ మండేటప్పుడు, చల్లటి హాల్లో కూర్చుని చూసే ఆటలు. నీళ్ళలో ముంచే బండి అన్నిటికంటే ఆఖర్న. పొద్దున్నే ముంచుకుంటే రోజంతా మేజోళ్ళు కప్పల్లా అరుస్తాయి. పిల్లకి గేటు దగ్గరే ఒక ఫొటో తీయండి."

"అబ్బ, మీకూ ముద్దు ముచ్చట్లున్నాయన్నమాట!" అంది అక్క.

"ముద్దుకి కాదు. తప్పిపోతే ఏ రంగు గౌను వేసుకుందని అడుగుతారు. వాళ్ళ నాన్నని అడిగితే గౌనే వేసుకుందా అంటాడు."

పిల్ల చేతి మీద ఫోన్ నంబరు రాయాలన్నాడు. బాగానే ఉంది. తర్వాత నా చెయ్యి కూడా లాక్కుని రాశాడు. "నాకెందుకు బావా?" అంటే, "నువ్వు కబుర్లు చెబుతూ ఎవరి కుటుంబంతోనో వాళ్ళింటికి పోయే రకానివోయ్" అన్నాడు.

పటం మడిచి, గొంతు సవరించుకుని అసలు బాంబు పేల్చాడు. "చివరి మాట. నా మోకాళ్ళు పోయాయి. నాకు చక్రాల కుర్చీ కావాలి."

అందరం నోళ్ళు తెరిచాం. అక్క ముందుగా తేరుకుంది. "పొద్దున్నే గ్యాస్ సిలిండరు భుజాన పెట్టుకుని మూడో అంతస్తుకి మోసుకొచ్చారు కదండీ!"

"అందుకే పోయాయి."

"అయితే ఇంట్లో పడుండండి."

"పిల్ల పుట్టినరోజు, నేను పోకుండా ఎలా? నువ్వొచ్చి తోస్తే సరి. లేకపోతే మీ తమ్ముడు తోస్తాడు. ఏ చెరువులోకో తోస్తాడు."

అక్క నా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే నాకు నవ్వొచ్చింది. "వీణ్ణి నమ్మి పంపలేను, నేనే వస్తాను" అందావిడ.

పుట్టినరోజు పిల్లది, వేడుక మాత్రం ఈయనది అనుకున్నాను. పార్కులో చూస్తే తెల్లటి టోపీ, నల్ల కళ్ళద్దాలు, ఎండాకాలంలో ఒళ్ళో దుప్పటి. కుర్చీలో మహారాజులా కూర్చుని వేలు చూపిస్తున్నాడు, వెనక మా అక్క రెండు పిడులూ పట్టుకుని తోస్తోంది. పది నిమిషాలకోసారి మూలుగు. "ఆపు ఆపు, పీకేస్తున్నాయి." ఆపిన ప్రతిచోటా విచిత్రంగా ఒక చెట్టు నీడ, నీడలో ఒక బెంచీ, బెంచీకి నాలుగడుగుల్లో నీళ్ళ కుళాయి. "నువ్వూ కూర్చోవే, నువ్వు నిలబడితే నాకు కంగారు" అంటాడు. ఆవిడ విసుక్కుంటూ కూర్చుంటుంది.

"ఈయనొక్కడి వల్ల ఎంత ఆలస్యమో" అని అల్లుడు గొణిగాడు.

"ఏం చేస్తాం బాబూ, ముసలాయన" అంది అక్క. ఆయనకంటే రెండేళ్ళు చిన్నదిలెండి. ఆ మాట అంటుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. అందరం ఆ రోజంతా బావనే తిట్టుకున్నాం. "అలిసిపోయావా?" అని అక్కని అడిగినవాడు ఒక్కడూ లేడు.

నిజం చెప్పాలంటే ఆయన పథకం మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది, అది నాకు మరీ ఒళ్ళు మండించింది. ఎడమవైపు క్యూలే లేవు. పదకొండున్నరకి భోజనాల హాల్లో మేమూ, తుడిచే ఆవిడా తప్ప ఎవరూ లేరు. మేము చేతులు కడుక్కుని వస్తుంటే వరస గుమ్మం దాటి మలుపు తిరిగింది.

మధ్యాహ్నం ఒక ఎత్తు దారి వచ్చింది. ఎనభై కిలోల మనిషిని నా అక్క, ఆ పుల్లలాంటి మనిషి, ఆయాసం లేకుండా ఎక్కించేస్తోంది. ఆవిడకి ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెనకబడి వంగి చూశాను. దుప్పటి కింద కుర్చీకి పాదాలు పెట్టుకునే పలకలు రెండూ పైకి మడిచి ఉన్నాయి. పాత బూట్లు రెండూ నేల మీద టకటకా నడుస్తున్నాయి, నీటి కింద బాతు కాళ్ళలాగా. మా అక్క కుర్చీని తోయడం లేదు. దాని పిడులు పట్టుకుని, వాటి మీద తన బరువు ఆన్చి, హాయిగా నడుస్తోంది.

బావ నన్ను చూశాడు. "ఏమోయ్, అటు చూడు, ఏనుగు!" అన్నాడు.

ఆ పార్కులో ఏనుగులు లేవు.

రంగులరాట్నం దగ్గరికి చేరేసరికి అక్క ముందుగానే వెనకడుగు వేసింది. "అమ్మో, అంత ఎత్తు నా వల్ల కాదు. పట్టేస్తే మళ్ళీ అందరూ..." పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని నిలబడింది. బతిమాలలేదు, ఏడవలేదు. కొంగు మాత్రం వదల్లేదు.

"ఆ అంచున ఉన్న తెల్ల గుర్రం కాస్త పొట్టిగా ఉన్నట్టుందే" అన్నాడు బావ, ఎటో చూస్తూ. "పక్కన మెట్టు కూడా ఉంది. ఎడమకాలు ముందు పెడితే ఎక్కొచ్చేమో. నాకేం తెలుసు, కాళ్ళు లేనివాణ్ణి."

అక్క వెళ్ళి చూసింది. ఎడమకాలు మెట్టు మీద పెట్టింది. ఒక్క క్షణం ఆగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. పక్క గుర్రం మీద పిల్ల పెట్టిన కేకకి క్యూలో వాళ్ళందరూ ఇటు తిరిగారు.

రాట్నం తిప్పే అమ్మాయి నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. "ఫైర్ సారుకి కాళ్ళకేమైందండీ? మొన్నటిదాకా బాగానే ఉన్నారుగా?"

"మొన్నా?"

"మూడు రోజులు వరసగా వచ్చారండీ. ఇరవై నాలుగు గుర్రాలూ ఎక్కి దిగి చూశారు. ఏది అన్నిటికంటే కిందికి వచ్చి ఆగుతుందోనని ఒక టేపు పెట్టి కొలిచారు. ఇవాళ ఆ తెల్లది సరిగ్గా మెట్టు దగ్గరికే వచ్చేలా ఆపమన్నారు. మా మేనేజరు పిచ్చాయన అనుకుని నీళ్ళు కూడా ఇచ్చారు."

రాట్నం మీంచి అక్క కేకేసింది. "ఏమండీ! కదలకండి! అక్కడే ఉండండి!"

"ఎక్కడికి పోతానే!" అన్నాడు బావ. అక్క ప్రతి చుట్టుకీ కనిపించి మాయమవుతుంటే, ఆయన టోపీ తీసి ఊపుతున్నాడు. మూడుసార్లు ఎక్కిందావిడ. మూడోసారి దిగుతూ, "ఈసారి నల్ల గుర్రం" అంది.

ఇదంతా రాసి, అచ్చుకు పంపే ముందు మర్యాద కోసం బావకి చదివి వినిపించడానికి వెళ్ళాను. ఆయన బల్ల మీద స్టూలు వేసుకుని, దాని మీద నిలబడి, వంటింట్లో బల్బు మారుస్తున్నాడు. ఆఖరిదాకా విన్నాడు. స్టూలు మీంచి నేల మీదికి ఒక్క గెంతు గెంతాడు.

"ఒక్క ముక్క కూడా నిజం కాదోయ్. నేనా పార్కుకి అంతకుముందు ఎన్నడూ వెళ్ళలేదు. గుర్రాల్ని కొలవలేదు. నా మోకాళ్ళు నిజంగానే పోయాయి."