రెండంగుళాలు తక్కువ

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు వచ్చేదాకా నేను ఆమెతో వరుసగా వారం రోజులు ఒకే ఇంట్లో ఉన్నది ఏటా ఇచ్చే సెలవుల్లో మాత్రమే. నేను మస్కట్‌కు దూరంగా, బురైమిలో, అల్యూమినియం తలుపులూ కిటికీలూ చేసే వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. నా భార్య రుస్తాఖ్‌లో ఆసుపత్రి నర్సు. పాప తల్లి దగ్గరే పెరిగింది. రెండు వారాలకోసారి గురువారం డ్యూటీ దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. వారం సెలవైన శుక్రవారం పొద్దున ముగ్గురం ప్రార్థనకి వెళ్ళి, వచ్చి కోడికూర తినేవాళ్ళం. శనివారం నేను మళ్ళీ బయలుదేరేవాణ్ణి. ఆ కాస్త సమయంలో పాప తన మార్కులు చూపించేది, బాగున్నాయమ్మా అనేవాణ్ణి. చుట్టంలా వచ్చి చుట్టంలా వెళ్ళేవాణ్ణి.

తొమ్మిదో తరగతికి ఆమెకు మస్కట్‌లో స్కూల్ సీటు వచ్చింది. అదే రోజుల్లో నాకు ఆ ఊరి శివారు అల్ హైల్‌లో ఫోర్‌మన్ పని దొరికింది. నేనూ పాపా అక్కడే రెండు గదుల ఇంట్లో దిగాం. నా భార్య రుస్తాఖ్‌లోనే ఉండి, సెలవు చిక్కినప్పుడు వచ్చేది.

మొదటి నెలలు గడవడం కష్టమైంది. వంట నాకు కొత్త కాదు, పదిహేనేళ్ళు రూముల్లో వండుకున్నవాణ్ణే. మాటలే రాలేదు. తిన్నావా అని అడిగితే తిన్నానని చెప్పేది. హోంవర్క్ అయిందా అంటే అయిందనేది. ఇంకేం అడగాలో తెలియక నేను ఫోన్ తీసేవాణ్ణి, ఆమె పుస్తకం తీసేది.

మా కింది అంతస్తులో ఒక ఫిలిప్పీన్స్ ఆయన ఉండేవాడు. క్లినిక్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్. వాళ్ళ దేశంలో కుర్రతనమంతా బేస్‌బాల్ ఆడాడట. శనివారం సాయంత్రాలు, ఎండ వాలాక, రకరకాల స్కూళ్ళ హైస్కూల్ పిల్లల్ని పోగుచేసి, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిపి, కంకర మైదానంలో ఆ ఆట ఆడించేవాడు, పిల్లలకు ఆయనే కోచ్. పాప మొదట గట్టు మీద కూర్చుని చూసింది. మూడో వారం ఆడటం మొదలుపెట్టింది.

"అదేంటమ్మా, క్రికెట్టేనా?" అని అడిగాను.

"కాదు నాన్నా!" అని వంటింట్లోంచి నాలుగు ఉల్లిపాయలు తెచ్చి నేల మీద నాలుగు మూలలా పెట్టింది. గరిటె చేత్తో పట్టుకుని, బంతి ఎలా వస్తుందో, కొట్టి ఎటు పరుగెత్తాలో, మూడుసార్లు కొట్టలేకపోతే ఎలా అవుటవుతామో అంతా చూపించింది. అరగంట పైనే మాట్లాడింది. ఆట నాకు సగమే అర్థమైంది. మా అమ్మాయి గొంతు అంతసేపు వినడం మాత్రం నాకు అదే మొదలు. ఆ రోజు నుంచి ఆ ఆటంటే నాకు ప్రాణమైపోయింది.

అప్పటిదాకా ఆమె కోచ్ దగ్గరున్న పాత బ్యాట్లతోనే ఆడేది. సొంత బ్యాట్ కొనివ్వాలని నాకు ఒకటే ఆత్రం. ఒకసారి ఒక విల్లాలో స్లైడింగ్ తలుపులు బిగిస్తుంటే, స్టోర్ గదిలో మూలన అల్యూమినియం అలాయ్ బేస్‌బాల్ బ్యాట్ కనిపించింది. ఆ ఇంటి అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాడట. అడిగితే సంతోషంగా ఇచ్చేశారు. నిగనిగలాడుతోంది, ఒక్క సొట్ట లేదు. ముప్పైమూడు అంగుళాలు, ముప్పై ఔన్సులు. పొడుగ్గా ఉందే అనుకోకపోలేదు. కానీ పిల్లలకు బట్టలు కొనేటప్పుడు ఒక సైజు పెద్దదే తీసుకుంటాం కదా, ఎదిగే పిల్ల, స్కూల్ అయ్యేదాకా పనికొస్తుందనుకున్నాను.

ఇంటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టినప్పుడు పాప మొహం వెలిగిపోయింది. "నాకే?" అంది. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. మర్నాడు వర్క్‌షాపులో అందరికీ చెప్పుకున్నాను.

ఆ తర్వాత నెల పైగా ప్రతి శనివారం గట్టు మీద కూర్చుని చూశాను. పాప బ్యాట్ తిప్పేసరికి బంతి ఆమెను దాటిపోయేది. ఎప్పుడో తగిలినా పిడి దగ్గర తగిలేది, ఆమె చేతులు విదిలించుకునేది. పాత బ్యాట్లతో కొట్టిన పిల్ల ఇప్పుడెందుకు కొట్టలేకపోతోందో నాకు తట్టలేదు. "కంగారుపడకు తల్లీ, అలవాటవుతుంది" అనేవాణ్ణి. ఆమె తలూపేది.

ఒక శుక్రవారం ప్రార్థన నుంచి వచ్చాక, సెలవు మీద వచ్చిన నా భార్య పాపకు జడ వేస్తోంది. రబ్బరు బ్యాండ్ అందుకోబోయి పాప చెయ్యి వెనక్కి లాక్కుంది. అది నర్సు కంట్లో పడకుండా పోతుందా? జడ అలాగే వదిలేసి మణికట్టు పట్టుకుని బొటనవేలితో నొక్కింది. పాప కళ్ళు మూసుకుంది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"మూడు వారాలు."

"ఏమండీ, ఇలా రండి," అని నన్ను పిలిచింది. "వాచింది చూడండి. మీరు రోజూ చూస్తూనే ఉన్నారుగా, ఒక్కసారైనా కనిపించలేదా?"

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కోపంగా బయటికొచ్చింది. "నొప్పిగా ఉంటే నాకు చెప్పాలి కదా? ఎందుకు దాచావు?" అని గట్టిగానే అడిగాను.

పాప మెల్లగా అంది. "ఆ బ్యాట్ బరువుగా ఉంది నాన్నా. మొదటి రోజే తెలిసింది. కానీ నువ్వు అంత సంతోషంగా తెచ్చావు. బాగాలేదంటే మళ్ళీ నాకేమీ తేవేమో అనుకున్నాను."

నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. కింద పార్కింగ్‌లో ఎవరో కారు కడుగుతున్నారు. దాన్నే చూస్తూ నిలబడ్డాను. నా సొంత కూతురు నన్ను నొప్పించకూడదని మూడు వారాలు నొప్పి ఓర్చుకుంది. అంత మర్యాద మనం పరాయివాళ్ళ దగ్గర చూపిస్తాం. కాసేపటికి నా భార్య వచ్చి పక్కన నిలబడింది. "ఎముకకేం కాలేదులెండి. కట్టు కట్టి మూడు వారాలు ఆట ఆపితే సర్దుకుంటుంది," అంది. నేను ఎందుకు నిలబడ్డానో ఆమెకు తెలుసు. అయినా మణికట్టు గురించే మాట్లాడింది.

ఆ సాయంత్రమే బ్యాట్ పట్టుకుని కోచ్ ఇంటికి వెళ్ళాను. ఇద్దరం నా వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం.

"పొడుగెక్కువైతే ఏముంది, మా కటింగ్ మెషీన్ మీద రెండంగుళాలు లేపేస్తాను. కింద మూత వేసి వెల్డింగ్ చేయిస్తాను, అతుకు కూడా తెలియదు," అన్నాను.

ఆయన బ్యాట్ నా చేతిలోంచి లాక్కున్నాడు. "వద్దు బ్రదర్, వద్దు! కోసిన బ్యాట్‌ని అంపైర్ మైదానంలోకే రానివ్వడు. పిడి విరిగి ఎవరి మొహానికైనా తగిలితే?"

తర్వాత నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఓపిగ్గా చెప్పాడు. హైస్కూల్ బ్యాట్‌కి ఒక లెక్క ఉందట. పొడుగు ఎన్ని అంగుళాలో, బరువు అన్ని ఔన్సుల కన్నా మూడుకు మించి తగ్గకూడదు, ముప్పైమూడు అంగుళాలదైతే ముప్పై ఔన్సులైనా ఉండాలి. అంటే తేలిక బ్యాట్ కావాలంటే పొట్టి బ్యాట్ తీసుకోవాల్సిందే. బ్యాట్ మీద హైస్కూల్ ఆటకు తగినదన్న ముద్ర ఉండాలి. పాపకు ముప్పైఒక్క అంగుళాల అలాయ్‌దే కొనమన్నాడు. కార్బన్ నారను జిగురుతో అతికి చేసే కాంపోజిట్‌ది కొత్తలో మొద్దుగా ఉంటుంది, వందలసార్లు కొడితేగానీ దారికి రాదు, పైగా పగుళ్ళు లోపలే ఉండిపోయి కనిపించవు. అలాయ్ మొదటి రోజే సిద్ధం, పాడైతే సొట్ట కంటికి కనిపిస్తుంది.

"అన్నిటికన్నా ముఖ్యం, అమ్మాయిని తీసుకెళ్ళండి. చెయ్యి పక్కకు చాచి బ్యాట్ పట్టుకోమనండి. అరనిమిషం వణక్కుండా పట్టుకుంటే అదే ఆమె బ్యాట్," అన్నాడు.

ముప్పైమూడు అంగుళాల బ్యాట్‌ని ఆయన దగ్గరే వదిలేశాను. జట్టులో ఆరడుగుల పిల్లవాడొకడు దాంతో ఆడాడు. అతనికి అది చేతికర్రలా తేలిగ్గా తిరిగేది.

మణికట్టు నయమయ్యాక, పాపా నేనూ అల్ హైల్ రోడ్డు మీదున్న ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాం. ముందంతా ఫుట్‌బాళ్ళు, క్రికెట్ సామాను. వెనక మూలన ఏడెనిమిది బేస్‌బాల్ బ్యాట్లు. దుకాణం చూసే పెద్దాయన కేరళవాడు. మా ఇద్దర్నీ చూడగానే ఖరీదైన కాంపోజిట్ బ్యాట్ తీశాడు.

"ఇది తీసుకోండి భాయ్, ఇదే అన్నిటికన్నా మంచిది."

పాప నా వైపు చూసింది. ఈసారి మాట్లాడకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వచ్చాను.

"అలాయ్‌వి చూపించండి అంకుల్," అంది పాప. "ముప్పైఒక్క అంగుళాలవి."

ఆయన రెండు తెచ్చాడు. ఒకటి ఎరుపు, ఒకటి బూడిద రంగు. రెండింటి మీదా ముప్పైఒకటి అనీ, ఇరవైఎనిమిది అనీ రాసి ఉంది, ముద్ర కూడా ఉంది. పాప చెయ్యి చాచి ఎరుపుది పట్టుకుంది. నేను వాచీ చూశాను. ఇరవై సెకన్లకే కొన కిందికి వాలింది. బూడిద రంగుది అరనిమిషం దాటినా నిలబడింది.

"ఎర్రది బరువుగా ఉంది," అంది.

పెద్దాయన నవ్వాడు. "రెండూ ఒకటే బరువమ్మా, రాసి ఉంది కదా. మొదట పట్టుకున్నది కదా, చెయ్యి ఇంకా అలవాటు పడి ఉండదు."

"అయితే నాకే అలా అనిపించిందేమో," అంది పాప, గొంతు తగ్గించి. ఆ గొంతు నాకు తెలుసు. మణికట్టు దాచిన గొంతు అది. పెట్టుకున్న ఒట్టు పక్కన పెట్టేశాను.

"ఇటివ్వు తల్లీ," అని రెండు బ్యాట్లూ తీసుకున్నాను. వర్క్‌షాపులో పొడుగాటి అల్యూమినియం సెక్షన్ ఎత్తేముందు బరువు ఎక్కడ నిలుస్తుందో చూసుకోవడం మాకు అలవాటు. బూడిద రంగు బ్యాట్‌ని చూపుడువేలి మీద అడ్డంగా పెట్టి, అటూ ఇటూ జరిపి నిలబెట్టాను. నిలిచిన చోట గోటితో పట్టుకున్నాను. ఎర్రదాన్నీ అలాగే నిలబెట్టాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఎర్రదానికి ఆ చోటు లావు కొస వైపు రెండు వేళ్ళ దూరం జరిగి ఉంది.

"తూస్తే రెండూ ఒకటే. కానీ దీనికి బరువంతా చివర ఉంది. తిప్పేటప్పుడు చెయ్యి లాగేస్తుంది. నీ చెయ్యి సరిగ్గానే చెప్పిందమ్మా."

పెద్దాయన కూడా వేలి మీద పెట్టి చూసుకున్నాడు. "ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను, ఇది నాకు తెలీదు భాయ్," అన్నాడు.

బూడిద రంగు బ్యాట్‌ని కంటి దగ్గర పెట్టుకుని వంకర ఉందేమో చూశాను. వేలి కణుపుతో తట్టి చప్పుడు విన్నాను. చుట్టూ గోరు పోనిచ్చి ఎక్కడైనా సొట్ట తగులుతుందేమో చూశాను. పాప నన్నే చూస్తోంది.

"రోజూ ఇలాగే చేస్తావా నాన్నా, వర్క్‌షాపులో?"

"రోజూ ఇదే పని."

"నాకు తెలీదు."

"నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా."

"నువ్వెప్పుడూ చెప్పలేదు," అంది. అని నవ్వింది. నేనూ నవ్వాను.

చేతులకు అదురు తగలకుండా పిడికి చుట్టే కాస్త మందమైన గ్రిప్ టేపు కూడా కొన్నాం. దాన్ని చుట్టేటప్పుడు ఒక కొస నేను లాగి పట్టుకున్నాను, ఆమె తిప్పుతూ చుట్టుకుంది. చుడుతూ నన్ను అడుగుతూనే ఉంది. అల్యూమినియంలో ఏం కలిపితే గట్టిపడుతుంది, కిటికీకి వాడేదీ బ్యాట్‌కి వాడేదీ ఒకటేనా అని. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనిది తెలియదన్నాను.

నెల తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం మ్యాచ్ పెట్టారు. నా భార్యకు డ్యూటీ పడి రాలేకపోయింది. మొదటిసారి పాప మూడు బంతులూ వదిలేసి అవుటైంది. రెండోసారి కొట్టింది గానీ గాల్లోకి లేచి నేరుగా ఒకరి చేతుల్లో పడింది. మూడోసారి వెళ్ళేటప్పుడు నా వైపు చూసింది. ఏం చెయ్యాలో తెలియక నేను ఊరికే చెయ్యెత్తాను.

బంతి వచ్చింది. బ్యాట్ దాన్ని సమయానికి అందుకుంది. చప్పుడు గట్టు దాకా వినిపించింది. బంతి కంకర మీద దుమ్ము లేపుకుంటూ ఇద్దరి మధ్యనుంచి దూసుకుపోయింది. పాప బ్యాట్ వదిలేసి పరుగెత్తింది. మొదటి మూల దగ్గర ఆగి, అక్కడే గెంతులు వేసింది. నేను గట్టు మీదినుంచి లేచి ఏమని అరిచానో నాకు గుర్తులేదు. పక్కనున్నవాళ్ళు జరిగి కూర్చున్నారు. ఆ మ్యాచ్ మా వాళ్ళు ఓడిపోయారు.

ఇంటికి పోకుండా నేరుగా రుస్తాఖ్ వెళ్దామంది పాప. ఒంటి మీద దుమ్ముతోనే బండెక్కింది. దారి పొడుగునా ఆ ఒక్క దెబ్బ గురించే చెప్పుకున్నాం. మేం చేరేసరికి నా భార్యకు టీ విరామం. ఆసుపత్రి బయట బెంచీ దగ్గరికి యూనిఫామ్‌లోనే వచ్చింది. ముందుగా పాప మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నొప్పి లేదని తెలిశాక కూర్చుంది.

"ఏమైంది చెప్పండి," అంది.

నేనూ పాపా ఒకేసారి మొదలుపెట్టాం. ఆమె బంతి గురించి, నేను చప్పుడు గురించి. ఒకరి మాటకు ఒకరం అడ్డు తగులుతున్నాం, ఇద్దరం చేతులు తిప్పుతున్నాం.

"ఆగండాగండి, ఒక్కొక్కళ్ళూ చెప్పండి," అంది నా భార్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ. "ముందెవరు?"

"నాన్న చెప్తాడు," అంది పాప.