ఆకుపచ్చ దారం కుట్టిన తువ్వాలు

నా చిన్నప్పుడు కొబ్బరినూనె సీసా మా ఇంట్లో అందరి చేతికీ అందే చోట, కిటికీ గూట్లో ఉండేది. ఇప్పుడు నా ఇంట్లో అది బీరువాలో ఉంటుంది. తాళంచెవి నా నడుముకు ఉంటుంది. అమ్మమ్మ నూనెచుక్క కూడా లెక్కపెట్టి పోస్తుందని మనవరాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడేదాన్నే నేను, కాదనను. కానీ నూనెకు తాళం వేసింది పొదుపు కోసం కాదు. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేము సౌదీలో, రియాద్ నగరంలోని మలాజ్ పేటలో ఉండేవాళ్లం. మా బాపు జగిత్యాల వైపు వడ్రంగి. ఒక కాలేజీలో తలుపులు, బల్లలు బాగుచేసే పనికి వెళ్లి, చివరికి ఆ కాలేజీ కుస్తీ హాలుకు కాపలాదారు అయ్యాడు. పొద్దస్తమానం అక్కడే ఉండాలి కాబట్టి ప్రహరీ పక్కనే రెండు గదులు ఇచ్చారు. అందుకే మా అవ్వనూ, అంటే అమ్మనూ, నన్నూ పిలిపించుకోగలిగాడు.

బాపుకు ఆ హాలు మీద ప్రాణం. ఊళ్లో పెళ్లికి ముందంతా తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, పట్లు పట్టినవాడు. వచ్చేటప్పుడు తాలీం మట్టి ఒక డబ్బాలో తెచ్చుకున్నాడు. పసుపు, నూనె, మజ్జిగ పోసి పిసికిన మెత్తని మట్టి అది. మా వైపు కుస్తీకి దిగేముందు ఇద్దరూ చెరో పిడికెడు మట్టి తీసి, ఎదుటివాడి భుజాలకూ చేతులకూ రాస్తారు. చెమట పట్టిన ఒళ్లు జారకుండా ఉండటానికి. తన ఒంటి మీద ఎదుటివాడికి పట్టు తానే ఇవ్వడం అన్నమాట. రియాద్ హాలులో రబ్బరు పరుపు. అక్కడ మట్టికి పనిలేదు. డబ్బా మాత్రం వడ్రంగి సామాన్ల మధ్య, మూతపెట్టి ఉండేది.

ఆ హాలుకు అన్ని రకాల పిల్లలూ వచ్చేవారు. రియాద్ వాళ్లు, పల్లెల నుంచి వచ్చిన వాళ్లు, సూడాన్ వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు. రంగును బట్టి, మాటను బట్టి ఎవరి గుంపు వాళ్లది. నల్లగా ఉన్నవాళ్లను మిగతావాళ్లు పిలిచే మాట ఒకటుండేది, అది నేను రాయను. మమ్మల్ని హిందీలు, అంటే ఇండియావాళ్లు, అనేవారు. హిందీ ముక్క రాని మా అవ్వ మొదట్లో దానికి కడుపుబ్బ నవ్వేది. హాలులో బరువు తూచే పని బాపుది. కాటా దగ్గర ఎవరైనా ఎవరినైనా రంగు పేరుతో ఎగతాళి చేస్తే, "నిలబడు నాయనా, నీ రంగు ఎన్ని కిలోలున్నదో సూద్దాం" అని సగం అరబ్బీలో, సగం ఉర్దూలో అనేవాడు. ఎగతాళి చేసినవాడు కూడా నవ్వేసేవాడు.

కోచ్ ఈజిప్టు దేశస్తుడు. తరగతి తరగతికీ తిరిగి భుజాలు, మెడలు చూసి పిల్లల్ని ఏరుకొచ్చేవాడు. ఆయనకు ఎవరైనా ఒకటే. పైవాళ్లకు కాదు. జట్టులో బయటి దేశాలవాళ్లు ఇద్దరిని మించకూడదని ఒక లెక్క పెట్టారు. ఆ ఏడు ఒక చోటు అప్పటికే నిండిపోయింది. రెండో చోటు మీద ఆశ పెట్టుకున్నది మా పక్కింటి అన్న.

అతను యెమెన్ వాళ్ల అబ్బాయి. పుట్టింది రియాద్‌లోనే, యెమెన్ ఎలా ఉంటుందో చూడనే లేదు. నాన్నమ్మ సముద్రపు ఒడ్డు మనిషి, ఆమె నలుపు ఇతనికి వచ్చింది. వాళ్ల నాన్న సందు మూలన కిరాణా కొట్టు నడిపేవాడు. ఆ కొట్లో పాకిస్తాన్ గిరాకీల దగ్గర నేర్చిన ఉర్దూతో బాపును చాచా అనీ, నన్ను ఛోటీ అనీ పిలిచేవాడు. నేను పలక మీద అరబ్బీ అంకెలు తప్పు రాస్తే, తిట్టకుండా పక్కన సరైనది రాసి వెళ్లిపోయేవాడు. నాకు అన్నదమ్ములు లేరు. అతను ఉన్నాడులే అనుకునేదాన్ని.

ఇంతలో కువైట్‌లోకి సైన్యం దిగిందని వార్త వచ్చింది. ఆ గొడవలో యెమెన్ ప్రభుత్వం దండెత్తినవాళ్ల వైపు మొగ్గిందని సౌదీలో కోపం వచ్చింది. అంతకుముందు యెమెన్ వాళ్లకు కఫీల్ అక్కర్లేదు. మనకు మాదిరిగా ఒక స్థానిక మనిషి పూచీ మీద బతకాల్సిన పని వాళ్లకు లేదు. ఇప్పుడు ఉండాలన్నారు. గడువులోగా కఫీల్ దొరికితే ఉండండి, లేదా వెళ్లిపోండి. మా సందులో ట్రక్కులు నిండుతూ కదులుతూ ఉండేవి.

కోచ్ కాలేజీ పెద్దాయన ఒకరితో మాట్లాడాడు. పక్కింటి అన్న జట్టులోకి వస్తే ఆ ఇంటిల్లిపాదికీ తాను కఫీల్‌గా నిలబడతానని ఆయన మాట ఇచ్చాడు. గెలవాల్సింది ఒక్క కుస్తీ. ఎదురు నిలిచింది రియాద్ అబ్బాయి. మంచివాడే. మా బాపుకు రోజూ సలాం చెప్పకుండా లోపలికి వెళ్లేవాడు కాదు. అతని పట్టు మాత్రం ఇనుపపట్టు. సామాన్ల గది తలుపు సందులోంచి రోజూ చూసేదాన్ని, అన్న చెయ్యి అతనికి దొరికిందంటే ఇక విడిపించుకోలేకపోయేవాడు.

కుస్తీకి ముందు శుక్రవారం అన్నం తింటూ బాపు ఊరి కథ ఒకటి చెప్పాడు. "మా తాలీంల ఒకడు ఉండె. జాతర కుస్తీకి పోయేముందు ఒంటికి ఆముదం పట్టిచ్చిండు. ఎవడు పట్టినా చేపలెక్క జారుడే! ముగ్గురు పైల్వాన్లు చేతులెత్తేసిన్రు." నేను విరగబడి నవ్వాను. అవ్వ "ఆఖరికేమాయె?" అంది. "ఆముదం వాసన దాగుతదా? ఉస్తాద్ పసిగట్టిండు. ఆ ఏడంత వాన్ని మట్టి ముట్టనియ్యలే. వానితోని మాట్లాడినోడు లేడు" అన్నాడు బాపు. ఆ చివరి మాటలు విన్నాను. కానీ నా మనసులో నిలిచింది చేప ఒక్కటే.

జట్టు తువ్వాళ్లు ఉతికేది మా అవ్వ. ఎవరిది ఎవరిదో తెలియడానికి మూలన ఒక్కో రంగు దారం కుట్టేది. అన్నది ఆకుపచ్చ దారం. మడతపెట్టే పని నాది. కుస్తీ రోజు మధ్యాహ్నం అవ్వ వంటలో ఉంది. గూట్లో సీసా తీశాను. నూనె గడ్డకట్టే చలి ఇంకా రాలేదు. అరచేతిలో కొంచెం కొంచెం పోసుకుని, ఆకుపచ్చ దారం తువ్వాలుకు లోపలి మడతల్లో రుద్దాను. పైమడత పొడిగానే ఉంచాను. అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో నాకు. చేస్తున్నంతసేపూ గొప్ప పని చేస్తున్నాననే అనుకున్నాను.

హాలు నిండిపోయింది. నేను నా తలుపు సందు దగ్గరే. అన్న ఒళ్లు వేడెక్కడానికి పరుగెత్తి వచ్చి, తువ్వాలు విప్పి మెడా చేతులూ తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఆగిపోయాడు. తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరువాత నేరుగా సామాన్ల గది తలుపు వైపు చూశాడు. నేను చెయ్యి ఊపాను. అదే సమయంలో ఈల మోగింది. అతను మళ్లీ తువ్వాలు వైపు చూశాడు, గబగబా చేతుల్ని బనీనుకు రుద్దుకున్నాడు, రెండో ఈలకు వెళ్లక తప్పలేదు.

రియాద్ అబ్బాయి అన్న చెయ్యి దొరకబుచ్చుకుని లాగాడు. పట్టు జర్రున జారింది. ఉన్న ఊపంతా అతని మీదికే తిరిగి, ముఖం పరుపుకు కొట్టుకుని పెదవి చిట్లింది. లేచి తన అరచేతులు చూసుకుని, "జైత్!" అన్నాడు. జైత్ అంటే నూనె. ఆ మాట నూనెడబ్బాల మీద రోజూ చూసేదాన్ని. తరువాత హాలంతా అదే మాట. దానితోపాటు యెమెన్ పేరు, నేను రాయనన్న ఆ రంగు మాట కూడా.

కోచ్ వచ్చి అన్న మెడ మీద వేలు రాసి వాసన చూశాడు. తువ్వాలు తీసి వాసన చూశాడు. తలెత్తి మా బాపు వైపు చూశాడు. ఆ హాలు చుట్టుపక్కల కొబ్బరినూనె వాడే కొంప ఒక్కటే. బాపుకు కూడా అప్పుడే అర్థమైంది. నోరు తెరిచాడు.

"చుప్ చాచా" అన్నాడు అన్న, తలెత్తకుండానే. తరువాత కోచ్‌తో అరబ్బీలో, అందరికీ వినిపించేట్టు, "నూనె నాదే. మా కొట్లోదే. నేనే రాసుకున్నాను" అన్నాడు.

బాపు నోరు మూసుకున్నాడు. ఒకవేళ చెప్పి ఉంటే మా ముగ్గురికీ ఖురూజ్, అంటే దేశం విడిచిపొమ్మనే ముద్ర కొట్టి, ఆ వారమే విమానం ఎక్కించేవాళ్లు. ఊళ్లో బాపు పంపేదాని మీద బతికే ముసలివాళ్లు ఉన్నారు. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు తెలిసింది ఒకటే, నేను బయటికి వెళ్లి నేను చేశానని చెప్పాలి. తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టాను కూడా. చేతికి ఇంకా జిడ్డు ఉంది. గొళ్లెం జారింది. మళ్లీ పట్టుకుని తీయొచ్చు. తీయలేదు.

ఆ సాయంత్రం బాపు నన్ను కొడితే బాగుండేది. సోడా వేసి, ఆ తువ్వాలు మూడుసార్లు తానే ఉతికి తీగ మీద ఆరేశాడు. అవ్వ నూనె సీసా ఎత్తి వెలుగులో చూసి, ఎంత తగ్గిందో చూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. మరునాడు బాపు ఉండబట్టలేక కోచ్ దగ్గరికి వెళ్లాడు. ఆయన ఏమీ చెప్పనివ్వలేదట. "వాడు నీకోసం పెట్టిన మూత నువ్వు తీయకు. తీసినా వాడికి ఇప్పుడు లాభం లేదు, కఫీల్ మాట వెనక్కి పోయింది" అన్నాడట.

పది రోజులకు పక్కింటి ముందు ట్రక్కు ఆగింది. స్టవ్వు, చాపలు, కొట్లోని తక్కెడ, ముసలి నాన్నమ్మ కూర్చునే మెత్త, అన్నీ ఎక్కాయి. నేను తలుపు వెనకే ఉండిపోయాను. బాపు మట్టిడబ్బా చంకలో పెట్టుకుని వచ్చి, నా రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు. డబ్బా అన్న చేతిలో పెట్టాడు. అది ఏమిటో అతనికి తెలుసు. తాలీం ఆచారం బాపు అతనికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

అతను మూత తీసి పిడికెడు మట్టి తీసుకున్నాడు. "ఛోటీ, ఇలా రా" అన్నాడు. నా రెండు చేతులూ తిప్పి అరచేతులకూ, వేళ్ల సందులకూ, మణికట్టుకూ మట్టి రాశాడు, బరిలో ఎదుటివాడికి రాసినట్టే. తరువాత తన చెయ్యి చాపాడు.

"ఇప్పుడు పట్టుకో."

పట్టుకున్నాను.

"జారుతోందా?"

తల అడ్డంగా ఊపాను. నన్ను పడేస్తానన్నట్టు ఒక్కసారి లాగాడు. పడలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అతను నవ్వుతూనే చెయ్యి విడిపించుకున్నాడు. మిగిలిన మట్టి డబ్బా బాపుకు ఇచ్చేయబోతే బాపు తీసుకోలేదు. ట్రక్కు వెనక, మూటల మీద, ఒళ్లో ఆ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. చూడని దేశానికి ఇంటికి వెళ్తున్నట్టు వెళ్లిపోయాడు.

చలికాలం ముదిరాక యుద్ధపు సైరన్లు మొదలయ్యాయి. బడి మూసేశారు. అవ్వనూ నన్నూ ఊరికి పంపేశాడు బాపు. ఊళ్లో నా ఈడు పిల్లలు పెద్ద వాక్యాలు చదువుతుంటే నాకు తెలుగు అక్షరాలు కూడా సరిగా రావు. సిగ్గుపడి బడి మానేశాను. కిరాణా పొట్లాల కాగితాలు విప్పి చదివి నేర్చుకున్న తెలుగు ఇది, తప్పులుంటే ఉంటాయి.

బాపు ఇంకా చాలా ఏళ్లు ఆ హాలులోనే పనిచేశాడు. తాలీం కథలు మాత్రం మళ్లీ ఎన్నడూ చెప్పలేదు. యెమెన్ నుంచి ఉత్తరం వస్తుందేమోనని చూశాడు, రాలేదు. ఇక్కడికి తిరిగివచ్చి మంచం పట్టాక, ఒకనాడు నేను అన్నం కలిపి తినిపిస్తుంటే ముద్ద నోటిదాకా వచ్చి ఆగి, "గా పిలగాడు ఇడిసిపెట్టిపోయిన బువ్వ బిడ్డా ఇది. ఇన్నేండ్లు అదే తిన్నం" అన్నాడు. నేను ముద్ద కింద పెట్టలేదు. బాపు తినేదాకా పట్టుకునే ఉన్నాను. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే.

అడగకుండా చేసిన సాయానికి ఇంకొకరు ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నారు. నేను తలుపు తీయలేదు. మనవరాళ్లు తప్పు చేసి దాచితే నేను ఎందుకంత కఠినంగా ఉంటానో, చెప్పేస్తే మాత్రం ఎందుకు ఏమీ అననో, నా కూతురుకు ఇప్పటికీ అర్థం కాదు.

వారానికోసారి బీరువా తీసి పిల్లల తలలకు నూనె పెడతాను. తరువాత కుంకుడు నురుగుతో చేతులు రెండుసార్లు కడుక్కుంటాను. అయినా నమ్మకం కుదరదు. మొన్న రోడ్డు దాటేటప్పుడు చిన్న మనవరాలు చెయ్యి చాపి, "తొందరగా పట్టుకో అమ్మమ్మా, బస్సొస్తోంది" అంది. బస్సు రానీ అన్నాను. ముందు రెండు అరచేతులూ కొంగుకు గట్టిగా తుడుచుకుని, అప్పుడు పట్టుకున్నాను.