తుండుగుడ్డ కింద బేరం

నేను చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఇదే. ఒకే ఒక్క అబద్ధం ఇచ్చి మా తెలుగు సంఘానికి స్పాన్సర్‌నీ, నాటకానికి నిండు హాలునీ, నాకు అధ్యక్ష పదవినీ తెచ్చుకున్నాను. పెట్టుబడి లేదు. ఇచ్చిన సరుకు కూడా నాది కాదు. తెనాలిలో బట్టల కొట్టు నడిపిన మా నాన్న వింటే భుజం తట్టేవాడు. అబద్ధం ఏమిటో చెబితే మాత్రం ఆ చెయ్యి వెనక్కి తీసుకునేవాడనుకుంటాను.

ఏళ్ళ తరబడి ఈ బరువు నా దగ్గరే ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక. కొట్లో కూడా తెలిసినవాళ్ళతోనే బేరం కష్టం.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో. నేను ఇంటి గరాజ్‌లో చీరలు అమ్ముతాను. అప్పట్లో సంఘానికి కల్చరల్ సెక్రటరీని కూడా. ఆ ఏడాది ఉగాదికి సుజాత ఒక నాటకం రాసుకొచ్చింది. మందుల కంపెనీలో పనిచేస్తుంది, నన్ను అక్కా అంటుంది. కథ గోల్కొండ సుల్తానుల కాలంలో, బందరు రేవులో జరుగుతుంది. అద్దకం బట్టలు అమ్మే వర్తకుడు చనిపోతాడు. రేవులో బేరాలు తుండుగుడ్డ కింద నడుస్తాయి: అమ్మేవాడూ కొనేవాడూ గుడ్డ కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, పక్కవాడికి తెలియకుండా ధర చెప్పుకుంటారు. పరాయి మగవాడి వేళ్ళు ఆడది పట్టుకోవడం కుదరదు. అందుకని ఆ వర్తకుడి భార్య మొగుడి తలపాగా చుట్టుకుని, మీసం అంటించుకుని రేవుకు పోతుంది. ఒక దళారి గుడ్డ కింద ఆమె వేళ్ళు పట్టుకోగానే అది ఆడదాని చెయ్యి అని గ్రహిస్తాడు. పైకి ఏమీ అనడు. ధర మాత్రం సగానికి దించుతాడు. ఆమె దిగాలా, నిలబడాలా? నాటకం అక్కడుంది.

వర్తకుడి భార్య వేషం సుజాతది. వేళ్ళ బేరం నేర్పింది నేను. మా తాతయ్య పశువుల సంతలో చేస్తుంటే పక్కన కూర్చుని గుడ్డ అంచులోంచి చూసి పట్టుకున్నాను, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆడపిల్లని కదా, మా కొట్లో నన్ను గల్లాపెట్టె దగ్గరికి రానిచ్చేవారు కాదు. డైనింగ్ టేబుల్ మీద కిచెన్ టవల్ కప్పి ఇద్దరం ప్రాక్టీస్ చేసేవాళ్ళం. నేనెంత నొక్కినా సుజాత తన ధర దిగేది కాదు. మంచి శిష్యురాలు.

ఇంతలో రఘుగారు వచ్చారు. రియల్టర్, సంఘంలో సగం మందికి ఇళ్ళు చూపించినాయన. హాలు ఖర్చంతా తను స్పాన్సర్ చేస్తానన్నారు, అధ్యక్ష పదవికి నా పేరు ప్రపోజ్ చేస్తానన్నారు. అప్పటిదాకా మా సంఘానికి ఆడ అధ్యక్షురాలు లేదు. బదులుగా ఆయన అడిగింది వర్తకుడి భార్య వేషం. కాలేజీలో తను ఆడవేషం వేస్తే అబ్బాయిలు ఉత్తరాలు రాసేవారట. వెనకటి భాగవత మేళాల్లో ఆడవేషాలు మగవాళ్ళవే కదండీ, సంప్రదాయం, అన్నారు. నిజమే. కాబట్టి మగవేషం కట్టే ఆడదాని వేషం మగవాడు కట్టాలి. అందులో తిరకాసు నాకు తెలియలేదా? తెలిసింది. తెలిసే, సంప్రదాయం అన్న మాట కమిటీలో నేనే నాలుగుసార్లు వాడాను.

ఇక సుజాతను తప్పించాలి. స్పాన్సర్ అడిగాడంటే పోట్లాడుతుంది, ఆ పోట్లాటలో నా పదవి పోతుంది. అప్పుడు వాళ్ళత్తగారు వాళ్ళింట్లోనే ఉన్నారు. మామగారు పోయి ఏడాది కాలేదు, ఆవిడ నెమ్మది మనిషి. కొనడానికి సిద్ధపడి వచ్చినవాడికే సరుకు చూపించాలని కొట్లో పెరిగినవాళ్ళకి తెలుసు. అత్తగారి మీద వేసే మాటకి అమెరికాలోనైనా ఎవరూ రసీదు అడగరు.

రిహార్సల్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో, నా కార్ దగ్గర చెప్పాను.

"మీ అత్తగారు నాకు ఫోన్ చేశారు సుజాతా. మీసం పెట్టుకుని పరాయి మగాడి చెయ్యి పట్టుకోవడం ఆవిడకి కష్టంగా ఉందట."

"ఆవిడా? నిన్న కూడా డైలాగులన్నీ నాతో అప్పజెప్పించుకున్నారక్కా."

"నీ ముందు ఏమంటారు? మొన్ననే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. నువ్వు నాటకంలో మొగుడి తలపాగా చుట్టుకుంటుంటే ఆవిడకి ఎలా ఉంటుంది?"

సుజాత తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడింది.

"ఆవిడే అన్నారా, ఆ మాట?"

"ఆవిడే. అడగొద్దమ్మా. నా పరువు పోతుంది, ఆవిడ బాధపడతారు."

"నాతో అనొచ్చుగా అక్కా. నాతోనే అనొచ్చుగా."

అంతే. మర్నాడు వేషం వదులుకుంటున్నానని మెసేజ్ పెట్టింది.

నాటకం బాగా ఆడింది. గుడ్డ కింద దళారి వేళ్ళు పట్టుకునే చోట రఘుగారు సిగ్గుపడుతూ మెలికలు తిరిగారు, హాలంతా పడి పడి నవ్వింది. ఊపిరి బిగబట్టాలని సుజాత రాసుకున్న చోటు అది. సుజాత రాలేదు. వాళ్ళత్తగారు వచ్చారు, ఒళ్ళో ఒక గుడ్డసంచీతో. ఇంటర్వెల్‌లో నన్ను పిలిచి, మా కోడలు ఎందుకు మానేసిందో నీకేమైనా చెప్పిందా అమ్మాయ్, నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, అని అడిగారు. ఆఫీస్‌లో డెడ్‌లైన్ అంటోంది ఆంటీ, అన్నాను. ఆవిడ తలాడించి సంచీ మూతి ముడిచారు. ఈలోగా నేను చూడాల్సింది చూశాను. ఎర్రరంగు అద్దిన ఉత్తరీయం, తలపాగాగా మడిచి కుట్టి ఉంది. అది ఎవరి ఉత్తరీయమో, ఎవరి తలకని కుట్టారో అడగక్కర్లేదు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. రెండు మాటలు. ఎందుకు చెప్పలేదు? స్టేజీ మీద నా పేరు పిలుస్తున్నారు, వెళ్ళాలి. ఇన్నేళ్ళు వెతికినా ఇంతకంటే మంచి కారణం దొరకలేదు.

ఆవిడ అనుకున్నదానికంటే ముందే సియాటిల్ దగ్గర బాతెల్‌లో కూతురింటికి వెళ్ళిపోయారు. తర్వాత ఎప్పుడు అమెరికా వచ్చినా క్యారీ రాలేదు. సుజాత మళ్ళీ నాటకం రాయలేదు. నేను అధ్యక్షురాలిగా సన్మానాలు చేయించుకున్నాను. ఒకసారి ఆడవాళ్ళ ధైర్యం గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. సుజాత ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

మొన్న వేసవిలో వాళ్ళత్తగారు బాతెల్‌లో పోయారు. సామాన్లు సర్దుతుంటే దొరికిందని సుజాత ఆ తలపాగా పట్టుకుని మా గరాజ్‌కి వచ్చింది. ఇది మావయ్యగారి ఉత్తరీయం, దీన్నెందుకు ఇలా కుట్టారో నీకేమైనా తెలుసా అక్కా, అంది. చీరల మధ్య నిలబడి అంతా చెప్పేశాను. ఒక్క ముక్క తగ్గించలేదు. సుజాత నన్ను తిట్టలేదు. అత్తయ్యకి ఇది తెలుసా, అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. కార్ ఎక్కి తలపాగా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత వెళ్ళిపోయింది. నేను చేసిన ఫోన్లు ఎత్తలేదు. ఎత్తదు కూడా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. అదొక సిగ్గు.

ఇక బిల్లు. నాకు వచ్చినవి: రెండేళ్ళ పదవి, ఒక శాలువా, హాల్లో గోడ మీద నా ఫోటో. సుజాతకు పోయినవి: ఆ వేషం, ఆ తర్వాత రాయగలిగిన నాటకాలు, తన తలకి కొలిచి తలపాగా కుట్టిన అత్తగారు. ఆ అత్తగారికి పోయింది కోడలు, ఎందుకు పోయిందో తెలియకుండా. చెల్లించింది వాళ్ళిద్దరూ. అందులో నా వాటా ఏమీ లేదు.