విమానం దాటేదాకా

విశాఖ వెళ్లే నా విమానం ఐదు గంటలు ఆలస్యమని తెలిసి, శంషాబాద్‌లో ఓ చిన్న చర్చిలో ఆదివారం ఆరాధనకు కూర్చున్నాను. పైనుంచి విమానం వెళ్లినప్పుడల్లా పాస్టరు గారు ప్రసంగం ఆపేవారు. అందరూ తలలు వంచి, అది దాటిపోయేదాకా అలాగే ఉండేవారు. మోత వల్ల కాబోలనుకున్నాను.

ఆరాధన ముగిశాక పక్కనున్న పెద్దావిడను అదే అడిగాను.

“సప్పుడుకు కాదు బిడ్డా. మా పాత గుడి ఉన్న జాగ ఎయిర్‌పోర్టుల పోయింది. మేమంతా శాపాలు పెడుతుంటే అప్పటి పాస్టరయ్య, ‘కోపమొచ్చినప్పుడల్లా విమానంల పోయేటోళ్లు సల్లగుండాలని ప్రార్థన జేయుండ్రి’ అన్నడు. గప్పటి సంది గిట్లనే.”

“మరి కోపం పోయిందా?”

ఆమె నవ్వి, బైబిలు సంచిలో పెట్టుకుంది.

“ఇంకా ప్రార్థన జేస్తనే ఉన్నం గద బిడ్డా.”