కంతలక్కకు ఆదివారం

ఆ ఆఫీసులో ఆమెను అందరూ కంతలక్క అనేవారు. మొదట వెక్కిరింపుగా అన్నారు, తరవాత అలవాటుగా అన్నారు, చివరికి హాజరుపట్టీలో కూడా గుమస్తా అదే పేరు ఎక్కించాడు. ఆమె దిద్దించుకోలేదు. పదిహేడేళ్లుగా చేస్తున్నది కంతల పనే మరి.

ఇంధన శాఖ వారి నాలుగంతస్తుల భవనం అది. దాన్ని పుట్టను చూసి కట్టారు. చెదపురుగుల పుట్టలో మండుటెండలో కూడా చల్లగా ఉంటుందట. అందుకని ఇక్కడా మందపాటి గోడలు, గోడల్లో గాలికంతలు, నడిమధ్యన పైకప్పు దాకా బోలు గొట్టం. ఏసీ అన్న మాటే లేదు. మొత్తం రెండువందల పధ్నాలుగు కంతలు, ఒక్కోదానికీ ఒక చెక్కరెక్క. సాయంత్రం చల్లగాలి మొదలవగానే రెక్కలు తెరవాలి. రాత్రంతా గోడలు చల్లదనం తాగుతాయి. తెల్లారి ఎండ మొహం చూపించేలోగా మూసేయాలి. ఆ తెరిచేదీ మూసేదీ కంతలక్క. కొక్కెం కట్టిన వెదురుగడ ఒకటి, మోచేయి దాకా తడుపుకున్న చెయ్యి ఒకటి, ఇవే ఆమె పరికరాలు. తడిచెయ్యి కంత ముందు పెట్టి, చర్మం జిల్లుమంటే తెరిచేది. లేకపోతే ఆగేది.

మిగతా ఉద్యోగుల దృష్టిలో కంత అంటే గోడ అలమరా. ఫైళ్ల కట్టలు, టిఫిను క్యారేజీలు, గొడుగులు అన్నీ అందులోనే కుక్కేవారు.

"సార్, భవనం ముక్కులో చెప్పులు పెట్టారు. మీ ముక్కులో పెడితే ఊరుకుంటారా?" అంటూ గడతో లాగి బయట పడేసేది.

ఇలా ఉండగా దేశానికి కొత్త ఇంధన విధానం రాయాల్సి వచ్చింది. బొగ్గు తగ్గించాలి, ఎండనూ గాలినీ నమ్ముకోవాలి, ప్రకృతిని గురువుగా పెట్టుకోవాలి. మంచి మాటలే, కాదనడానికి లేదు. రాసే పని మాత్రం మెడకి టై లేకుండా మంచినీళ్లు కూడా తాగని ఒక సలహాదారుకి అప్పజెప్పారు. ఆయన తొంభై రెండు పేజీలు రాశాడు. ఈ భవనాన్నే ఆదర్శంగా చూపించాడు. నలభై ఒకటో పేజీలో "ఈ భవనం తనంతట తానే శ్వాసించును" అన్నాడు. పుట్ట గురించి పధ్నాలుగు పేజీలు. ఆ పుట్టలో దారులు తెరుస్తూ పూడుస్తూ బతుకంతా చాకిరీ చేసే పురుగుల గురించి ఒక్క ముక్క లేదు.

పైవాళ్లు చదివారు. భవనం తానే శ్వాసిస్తుంటే కంతల మనిషి దేనికి? ప్రకృతి చేస్తున్న పనికి ఇంకో మనిషి దండగ అని తేల్చారు. ఒక సాయంత్రం కంతలన్నీ తెరిచి కిందికి దిగిన ఆమె చేతిలో సూపరింటెండెంటు కాగితం పెట్టాడు. కళ్లెత్తి మాత్రం చూడలేదు.

"అంటే, గాలి నా ఉద్యోగం ఊడగొట్టిందా సార్?"

"గాలి కాదమ్మా, విధానం."

"విధానానికి చేతులున్నాయా? ఈ గడ ఎవరికిచ్చి పోవాలో చెప్పండి."

ఎవరికీ ఇవ్వనక్కర్లేదన్నాడు. గడను మెట్లకింద నిలబెట్టి ఇంటికెళ్లింది. స్కూటర్ల మెకానిక్కయిన మొగుడు నడుం పట్టేసి నెలరోజులుగా మంచం మీదున్నాడు. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆమె పనితోనే.

"పదిహేడేళ్లలో ఒక్క ఆదివారం ఇంటిపట్టున ఉన్నావటే? ఇదిగో, అన్నీ కట్టగట్టి ఒకేసారి ఇచ్చారు," అంది అత్తగారు. ఏడుపు రావాల్సిన చోట ఇద్దరికీ నవ్వొచ్చింది.

అటు ఆఫీసులో దొంగల భయంతో రోజూ సాయంత్రం కంతలు మూసేశారు. పగలు ఉక్కగా ఉందని బార్లా తెరిచారు. సరిగ్గా తలకిందులు. వడగాలి తీరిగ్గా లోపలికొచ్చి గోడల్లో కాపురం పెట్టింది. నాలుగో రోజుకి భవనం కుమ్మరి ఆవం అయింది. "ప్రకృతి సర్దుకుంటోంది, కాస్త టైమివ్వాలి," అంటూనే సలహాదారు టై ఊడదీసి ఎక్కడో గిరాటేసి, నెత్తిన తడిగుడ్డ వేసుకున్నాడు. మర్నాడు అదే భవనంలో మంత్రిగారు విధానం విడుదల చేయాలి.

ఆ మధ్యాహ్నం సూపరింటెండెంటు కంతలక్క గుమ్మంలో ఊడిపడ్డాడు. చంకలో అచ్చయిన విధానం. కూర్చోగానే దాంతో విసురుకున్నాడు.

"ఆ పుస్తకంవల్ల ఎవరికైనా గాలి తగలడం ఇదే మొదలు కాబోలు నాయనా," అంది అత్తగారు.

"రేపొక్కరోజు వచ్చి సాయం చెయ్యమ్మా," అని బతిమాలాడు.

"రేపొచ్చి లాభం లేదు సార్. గోడ రాత్రి తాగితేనే పగలు కక్కుతుంది. ఇవాళే తెరవాలి."

"అయితే ఇవాళే రా!"

"ఏ హోదాలో? ప్రకృతి హోదాలోనా?"

మంచం మీద మొగుడు నవ్వబోయి నడుం పట్టుకున్నాడు. పైకి అలా అంది గానీ, లోపల భయమే. ఈయన లేచి వెళ్లిపోయాడంటే ఇక ఆ మెట్లు ఎక్కేది లేదు. అయినా కొంగు బిగించింది.

"పనిలోకి తీసుకున్నట్టు కాగితం ఇవ్వండి. నా పని ఆ పుస్తకంలోనూ ఉండాలి. నలభై ఒకటో పేజీలో."

"అచ్చయిపోయిందమ్మా! వెయ్యి కాపీలు!"

"తప్పులుంటే చివర చీటీ అంటిస్తారుగా? పాత పుస్తకాలు దులిపేది నేనే, ఎన్ని చూడలేదు!"

తప్పొప్పుల పట్టిక! సూపరింటెండెంటు నోరు వెళ్లబెట్టాడు. డైరెక్టరుకి ఫోను చేశాడు. "రాసెయ్యవయ్యా! ముందా మనిషిని తీసుకురా, కుర్చీ కాలుతోందిక్కడ!" అన్న కేక మంచం దాకా వినపడింది. అక్కడే కూర్చుని కాగితం రాసి సంతకం పెట్టాడు. తరవాత చీటీ రాసి చదివాడు: "41వ పేజీలో 'తనంతట తానే శ్వాసించును' అన్నచోట 'ఒక ఉద్యోగి సాయంతో శ్వాసించును' అని చదువుకోవలెను."

"ఒకరు కాదు సార్. ఇద్దరు."

"ఇద్దరెందుకమ్మా?"

"గాలికి ఆదివారం లేదు. నాకు కావాలి."

ఆయన అత్తగారి వైపు చూశాడు. ఆవిడ గడపమీద కదలకుండా, దారికడ్డంగా కూర్చునుంది. 'ఒక ఉద్యోగి' కొట్టేసి, 'ఇద్దరు ఉద్యోగుల' అని రాశాడు.

మర్నాడు హాలు చల్లగా ఉంది. జిగురు ఇంకా ఆరని పుస్తకాన్ని పైకెత్తి మంత్రిగారు, "ఆహా, ఇదంతా ప్రకృతి మహిమ!" అన్నారు. చప్పట్లు మోగాయి. వెనకవరస పక్కన కంతలక్క గడ పెట్టి, ఒక కంతలో ఇరుక్కున్న సలహాదారు టైని మెల్లగా బయటికి లాగుతోంది.